వడ్డీని నిలదీసే యంత్రం

గోదావరి జిల్లాల్లో బ్యాంకు గడప దాటి ఇవతలికి వస్తే వడ్డీని శాతాల్లో చెప్పేవాళ్లు తక్కువ. నూటికి నెలకి ఎంత అన్నదే లెక్క: రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. సార్వా పెట్టుబడికైనా, భీమవరం పక్కన చెరువులో రొయ్య పిల్ల వేయడానికైనా, ఆడపిల్ల పెళ్లికైనా అప్పు మాట ఈ లెక్కలోనే నడుస్తుంది. ప్రోనోటు రాసుకుంటారు, కట్టినంతకీ దాని వెనక చెల్లు వేయించుకుంటారు. అసలంతా ఆఖర్న ఒక్కసారే తీర్చే అప్పుకి ఇంతకన్నా సూటి లెక్క లేదు. చిక్కంతా నెలవారీ వాయిదాలతో వచ్చింది.

లక్ష రూపాయలు తీసుకుని, రూపాయి వడ్డీకి, రెండేళ్లలో నెలనెలా తీర్చాలనుకుందాం. ఫ్లాట్ వడ్డీ పద్ధతిలో లెక్క ఇలా కడతారు: ఏడాదికి 12 వేలు, రెండేళ్లకి 24 వేలు, అసలుతో కలిపి 1,24,000. దాన్ని 24 తో భాగిస్తే నెలకి 5,166 రూపాయల 67 పైసలు. చూడ్డానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ మొదటి వాయిదాతోనే అసలులో కొంత వెనక్కి వెళ్లిపోయింది. ఏడాది తిరిగేసరికి సగానికి దగ్గరగా అసలు తీరిపోతుంది. వడ్డీ మాత్రం చివరి నెల దాకా పూర్తి లక్ష మీదే పడుతూ ఉంటుంది. మరి నిజంగా పడ్డ వడ్డీ ఎంత? కాగితం మీద కూడికలు, తీసివేతలతో ఇది తేలదు. ఒక రేటు ఊహించి, లెక్క చూసి, సరిపోకపోతే ఇంకో రేటు ఊహించాలి. అలా దగ్గరకి చేరుకుంటూ పోవాలి.

ఆ ఊహల పని మనిషికి తప్పించడానికి పుట్టినవే ఫైనాన్షియల్ కాలిక్యులేటర్లు. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ 1973లో తెచ్చిన హెచ్‌పీ-80 జేబులో పట్టే తొలి రకం. దాని ధర 395 డాలర్లు. 1975లో హెచ్‌పీ-22 వచ్చింది. 1981 సెప్టెంబరులో వచ్చిన హెచ్‌పీ-12సీ ఈనాటికీ అమ్ముడవుతూనే ఉంది. భారతదేశంలో క్రెడిట్ కార్డు తెచ్చిన తొలి బ్యాంకుల్లో ఒకటైన ఆంధ్రా బ్యాంకు ఆ కార్డు ఇచ్చింది కూడా 1981లోనే. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కాలిక్యులేటర్ మాత్రం ముఖం మార్చుకోకుండా నిలబడింది.

అడ్డంగా పట్టుకునే ఆ యంత్రం పై వరసలో ఎడమ పక్క అయిదు బటన్లు ఉంటాయి. ఎన్ని నెలలు, నెలకి వడ్డీ ఎంత, ఇవాళ చేతికొచ్చింది ఎంత, నెలనెలా కట్టేది ఎంత, ఆఖర్న మిగిలేది ఎంత. నాలుగు చెబితే అయిదోది అది చెబుతుంది. పై అప్పునే ఇచ్చి చూడవచ్చు: 24 నెలలు, వచ్చింది లక్ష, కట్టేది 5,166.67. ఆ మూడోదానికి గుర్తు మార్చే బటన్ నొక్కి మైనస్ పెట్టాలి. ఆఖర్న మిగిలేది సున్నా. ఇక వడ్డీ బటన్ నొక్కాలి. పాత 12సీ తెర మీద ‘రన్నింగ్’ అన్న మాట మినుకుమినుకుమంటుంది. కాసేపటికి 1.80 అని వస్తుంది. రూపాయి వడ్డీ అనుకున్నది రూపాయి ఎనభై పైసల వడ్డీ! ఏడాదికి 21.57 శాతం.

ఆ మైనస్ గుర్తు దగ్గర కాసేపు ఆగడం మంచిది. అది పెట్టడం మరిచిపోతే యంత్రం ‘ఎర్రర్ 5’ అని ఊరుకుంటుంది. డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో చెప్పనిదే అది జవాబివ్వదు. వచ్చేదీ పోయేదీ ఒకే పక్క ఉంటే అది అప్పే కాదని దాని నియమం. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని ఆర్థర్ కాటన్ కుంపిణీ దొరలతో వాదించినప్పుడు ఆయన ముందున్నదీ ఈ లెక్కే: ఖర్చు ఇప్పుడు, రాబడి ఏటేటా. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ పనితో ఈ డెల్టా బతుకు మారింది. కాలానికి వెల కట్టడం ఈ నేలకి కొత్త కాదు. ఆ వెలని ఎవరు కట్టారు, ఎవరికి కనపడేలా కట్టారు అన్నదే ప్రశ్న.

పాత యంత్రాలని పోగుచేసేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లలో చాలామందికి అది జ్ఞాపకాల మీద మమకారం. ఈ ఒక్క రకం యంత్రం విషయంలో మాత్రం మమకారానికి మించిన కారణం ఉంది. ఇవాళ ఫోన్‌లో వాయిదా ఎంతో చెప్పే యాప్‌లకి కొదవ లేదు. వాటిలో ఎక్కువ భాగం వడ్డీ రేటు మనమే ఇస్తే వాయిదా చెబుతాయి. అప్పు తీసుకున్న మనిషికి కావలసింది తిరగేసిన ప్రశ్న: ఈ వాయిదా కడుతున్నానంటే నా మీద పడ్డ రేటు ఎంత? ఆ ప్రశ్న అడగడానికి 12సీలో విడిగా ఒక బటన్ ఉంది. అందుకే అది అద్దాల బీరువాలో కన్నా అప్పు కాగితాల పక్కనే ఉండదగ్గది.

దాని లెక్క ఎంత గట్టిదో చూడాలంటే బర్కిలీ ప్రొఫెసర్ విలియం కహాన్ 1983లో రాసిన పరీక్ష ఉంది. ఆయన అప్పట్లో హ్యూలెట్ ప్యాకార్డ్‌కి సలహాదారు, 1989లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. సెకనుకో సెంటు చొప్పున ఏడాదంతా జమ చేసి, 10 శాతం వడ్డీని సెకనుకోసారి అసలుకి కలుపుతూ పోతే ఏడాది చివర ఎంత? సరైన జవాబు 3,31,667 డాలర్లు. అప్పటి యంత్రాలు కొన్ని వేల డాలర్ల తేడాతో తప్పు చెప్పాయి. 12సీ సరిగ్గా చెప్పింది. మూలపడ్డ యంత్రాన్ని లేపినవాళ్లు సెంటు బదులు పైసా అనుకుని ఈ లెక్క వేసి చూడవచ్చు.

లేపడం పెద్ద కష్టమూ కాదు. ఈ పాత 12సీలో మూడు బటన్ సెల్స్ ఉంటాయి. ఏళ్ల తరబడి వదిలేస్తే అవి కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొక్కు కడుతుంది. ఆల్కలైన్ సెల్ కారితే దూదిపుల్లకి కాస్త వెనిగర్ తడిపి తుడిచి, తర్వాత స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాలి. విప్పాల్సి వస్తే మరలు వెనకాల రబ్బరు కాళ్ల కింద దాగి ఉంటాయి. బటన్ల పలక ప్లాస్టిక్‌ని కరిగించి బిగించినది కాబట్టి దాని జోలికి పోకపోవడం మేలు. కొత్త సెల్స్ వేయగానే ‘పీఆర్ ఎర్రర్’ అని వస్తే కంగారు పడక్కర్లేదు, జ్ఞాపకంలో ఉన్నది చెరిగిందని అర్థం. హెచ్‌పీ-22 తరం వాటితో మాత్రం జాగ్రత్త: బ్యాటరీ చచ్చిపోయి ఉండగా చార్జర్ పెడితే లోపలి చిప్‌లు కాలిపోతాయి. వెనక ఉన్న సీరియల్ నంబరే పుట్టిన తేదీ. 2245ఎ అని మొదలైతే, 22కి 60 కలపాలి: 1982, 45వ వారం, అమెరికాలో తయారీ.

మన దేశంలో చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్ష హాల్లోకి ఈ యంత్రాన్ని రానివ్వరు. పన్నెండు అంకెలు, ఆరు ఫంక్షన్లు, రెండు మెమరీలకి మించకూడదు. ఆ కట్టడిలోంచి మన పిల్లలు ఒక విద్యనే పుట్టించారు. కిరాణా కొట్టు బల్ల మీద ఉండే మామూలు సిటిజన్ కాలిక్యులేటర్ మీద 1 ÷ 1.12 నొక్కి మూడుసార్లు ఈక్వల్ కొడితే మూడేళ్ల డిస్కౌంట్ అంకెలు వరసగా వస్తాయి. జీటీ నొక్కితే వాటి మొత్తం, 2.4018. పెద్ద యంత్రం చేసే పనిలో సగం ఆ కొట్టు యంత్రంతోనే రాబట్టిన ఈ తెలివి మెచ్చుకోదగ్గది. రేటుని తిరగేసి అడగడం మాత్రం దానికి నేరుగా చేతకాదు.

అప్పు మీద నిజంగా ఎంత కట్టారని అడగాల్సిన అవసరాన్ని చట్టమూ చాలా ముందే గుర్తించింది. గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1938లో రాజాజీ మంత్రివర్గం రైతు రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన రైతు అప్పుల్లో అసలుకి రెండింతలు అప్పటికే కట్టి ఉంటే బాకీ తీరినట్టే అంది. రూపాయి వడ్డీకి అసలు రెండింతలు కావడానికి బారువడ్డీలో 100 నెలలు పడుతుంది. నెలనెలా చక్రవడ్డీ వేస్తే ఎంతని 12సీని అడిగితే 70 అంటుంది. నిజానికి 69.66, నెలల్లో భిన్నం మిగిలితే పై అంకెకి చేర్చడం దాని పద్ధతి. బారువడ్డీకీ చక్రవడ్డీకీ మధ్య రెండున్నరేళ్ల తేడా. ఒక రైతు కుటుంబం మీద ఆ తేడా ఎంత బరువో అప్పుల్లో మునిగిన ఏ ఊళ్లోనైనా చెబుతారు.

2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ రిటైల్ అప్పులకి, చిన్న పరిశ్రమల అప్పులకి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇచ్చి, ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటు అందులో చూపించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మంచి పనే, ఆలస్యమైనా. చేబదుళ్లకీ, ఊళ్లో వడ్డీ వ్యాపారికీ, చీటీ పాటకీ ఆ కాగితం రాదు. చీటీకైతే 1982 కేంద్ర చట్టం ఉంది. ఎన్నో నెలలో పాడితే నిజంగా ఎంత వడ్డీ పడుతుందో ఆ చట్టం చెప్పదు. అది పాడేవాళ్లే కట్టుకోవాలి.

రిటైరైన బ్యాంకు ఆఫీసరు టేబుల్ సొరుగులోనో, అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన పాత సామాన్ల పెట్టెలోనో ఇలాంటి యంత్రం ఒకటి కనబడితే దాన్ని పాత ఇనుప సామాన్లవాడికి వేయకండి. ముందు లోపలి సెల్స్ తీసేయండి. శుభ్రం చేసి, కొత్తవి వేసి, ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న అప్పు ఏదైనా దానికి ఇచ్చి, వడ్డీ బటన్ నొక్కండి.