గోపురమునకగు ఖర్చు

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనన్న సంగతి లూకా 14వ అధ్యాయములో చదువుచున్నాము. మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ తెరచినది మొదలు మన పల్లెల బిడ్డలు ఆ గోపురముల నీడకు పోవుచునే యున్నారు. వారి జీతమును లెక్కించితిమి గాని ఖర్చును లెక్కించితిమా?

గత క్రిస్మసు దినములలో ఒక తల్లితో, "నీ కుమారునికి 18,000 జీతమటగదా, ఇంటికి 2,000 పంపలేడా?" అని మేమే అంటిమి. ఆమె తలవంచుకొనెను.

తరువాత ఆ చిన్నవానిని చూడబోయితిమి. హాస్టలు గదిలో నలుగురు. మంచమునకు, భోజనమునకు కలిపి 7,000. (ఆ చారు సంగతి వ్రాయకుండుటే మేలు.) చదువుకై తండ్రి చేసిన బ్యాంకు అప్పునకు 6,500. మెట్రో రైలుకు, ఆటోలకు 2,500. ఫోను, సబ్బులు, చొక్కాలు పోగా చేత మిగులునది 500. 2023 ఆగస్టులో అక్కడికి దాపుననున్న కోకాపేటలో ఎకరము నేల వేలములో 100 కోట్లకు పైగా పలికెను. అట్టిచోట మంచమంత స్థలమైనను చౌకగా దొరకునా?

తల్లిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞను ఇతడు మీరెనా? తండ్రి అప్పు తీర్చుచున్నాడే! సినిమాలకు, హోటళ్లకు తగులబెట్టి ఇంటిని మరచువారును లేకపోలేదు. అయితే జీతపు అంకెను మాత్రమే చూచి ఎవడెట్టివాడో తీర్పు తీర్చుటకు మనమెవరము?

వచ్చునప్పుడు తల్లికిమ్మని అతడొక మందుల పొట్లము మా చేతికిచ్చెను. ఆమెను ఏ ముఖముతో పలుకరింపవలెనో బస్సులో దారిపొడవునా మాకు తోచలేదు.