కాయోత్సర్గము - ఆరోగ్య ఫలము

మధురకు పడమట కీళకుయిల్‌కుడి చెంత సమణర్‌మలై యను కొండ కలదు. అందు పేచ్చిపళ్ళమను చోట తీర్థంకరుల సరసన బాహుబలి మూర్తియు చెక్కబడియున్నది. ఆ స్వామి నిలిచిన నిలుకడయే కాయోత్సర్గము. చేతులు క్రిందికి విడిచి, దేహముపై మమతను కూడ విడిచి నిలుచుట దాని లక్షణము. నాయక రాజుల కాలమునుండి ఆ సీమలలో స్థిరపడిన తెలుగువారిలో రాజకంబళమువారు దేవరాట్టమాడుదురు. చేతులలో రుమాళ్ళు పట్టి, దేవదుందుభి మ్రోతకు అడుగు తప్పక ఆడవలెను. అది చలనము, ఇది నిశ్చలత. అయినను రెండింటను మనస్సు దేహమును వదలి తిరిగినచో సాధన చెడును.

ఇట్టి సాధనలు మెదడునకు మేలని నేడు వైద్యులు చెప్పుచున్నారు. 2011లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనలో 55 మొదలు 80 ఏండ్ల వయస్సుగల 120 మందిని రెండు జట్లు చేసిరి. వారమునకు మూడు దినములు, 40 నిమిషముల చొప్పున ఏడాది నడచిన వారికి జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోకాంపస్ భాగము సుమారు 2 శాతము పెరిగినది. ఒళ్ళు సాగదీయు వ్యాయామము మాత్రము చేసిన వారికి అది కొంత తగ్గినది. ఇది నడకకు సాక్ష్యము. నిశ్చలముగా నిలుచుటకు దీనినే సాక్ష్యముగా చూపు ఉత్సాహవంతులు కొంచెము నిదానింపవలెను.

ఇచ్చట ధర్మసందేహమొకటి పుట్టును. ఫలమును కోరి వ్రతము చేయుట నిదానమను శల్యమని జైనశాస్త్రము. మతిమరపు భయముతో సామాయికమునకు కూర్చున్న వృద్ధుని సంగతి యేమి? దేహమమతను విడుచు సాధనను దేహరక్షణకే వాడుట విపరీతము కాదా? విపరీతమే. అయినను భయముతో వచ్చినవానిని గుమ్మమునుండి మరలించుట అంతకన్న కఠినము. గడ్డికొరకు ఎవడును వరి వేయడు. గడ్డి వచ్చినచో పారవేయడు. ఆ వృద్ధుడు 48 నిమిషములు ఎవరికిని కీడు తలపక కూర్చుండెనేని ఆ కాలము వ్యర్థము కాదు. రోగము కుదురునని మాత్రము అతనికి మాట యీయరాదు.

ఈర్యాసమితిని చూడుడు. నాలుగు మూరల మేర నేలను చూచుచు అడుగు వేయవలెనని నియమము. నడకపై మనస్సు నిలుపుట మెదడునకు మేలు కావచ్చును. ఆ నియమము పుట్టినది చీమ కొరకు. స్వదేహముపై చూపు నిలిపి చీమను త్రొక్కినవాని ఏకాగ్రత ఎంత గొప్పదైనను జైనుని ఏకాగ్రత కాదు.

ఇక వానకాలపు చిక్కు. నేలపై ప్రాణికోటి పెరుగుటచేత చాతుర్మాస్యమున మునులు విహారము మానుదురు. మధుర సీమలో ఆశ్వయుజ కార్తీకముల వానలు మెండు. వైద్యుడు నడువుమనును, వ్రతము ఆగుమనును. గృహస్థునకు మునికున్నంత నిషేధము లేదు గనుక, బాగుగా తెల్లవారిన పిమ్మట పొడినేలపై మెల్లగా నడువవచ్చును. అట్లు నడచినచో వైద్యుడు కోరిన వేగము రాదందురు. నిజమే. ఆ కొరతను ఇంటి మెట్లెక్కి దిగి తీర్చుకొనవచ్చును.