ఆమె కుండలోని నీళ్లు

ధ్యాన భాగము: యోహాను 4:5-30



యాకోబు బావియొద్ద ప్రభువు సమరయ స్త్రీకి జీవజలమును గూర్చి బోధింపకమునుపే, త్రాగుటకు నీళ్లిమ్మని ఆమెను అడిగెను. యూదులకును సమరయులకును పొత్తు లేదు. ప్రభువు చేతిలో చేద లేదు. కనుక ఆయన త్రాగవలసినవి ఆమె కుండలోని నీళ్లే.

ఆమె ఎందుకు ఆశ్చర్యపడెనో మన పల్లెలవారికి విప్పి చెప్పనక్కరలేదు. అంటరానితనమును రాజ్యాంగము 1950లోనే రద్దుచేసెను. 1955 నాటి చట్టము దానికి శిక్షయు విధించెను. అయినను 1980లలో, నా చిన్ననాట, మన దౌల్తాబాద్ వైపు పల్లెలో మన వాడవారు బావి గట్టు దిగువ నిలిచి దోసిలి పట్టెడివారు. ఊరివారు పైనుండి పోసెడివారు. చాయ హోటలులో మనకు వేరు గ్లాసు; త్రాగినవాడే కడిగి పెట్టవలెను.

పోసినవారిలో దయగలవారును ఉండిరి. కాని మన కడవలోని నీళ్లు అడిగి త్రాగినవారు లేరు. పోయుట సులభము, పుచ్చుకొనుట కష్టము. ప్రభువు కష్టమైనదానినే ముందు చేసెను.

ఆ బాధ ఎరిగిన మనమేమి చేయుచున్నాము? ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొంది, ఇల్లు చేరగానే మాల మాదిగ భేదము ఎంచుచున్నామా? పెండ్లి మాట వచ్చినప్పుడు గలతీయులకు 3:28 మరచుచున్నామా?

ప్రియులారా, మీరెన్నడును గడప తొక్కని విశ్వాసి యింటికి ఈ నెల వెళ్లుడి. బోధింపకుడి, ఏమియు ఇయ్యకుడి. దాహమైనదని చెప్పి నీళ్లడుగుడి. ఆమేన్.