కట్ట పుణ్యం ఎవరిది?

ప్రభుత్వం ప్రజల సొమ్ము వెచ్చించి చెరువు కట్టించినప్పుడు, ఆ పని జరుగుతున్నంతకాలం కొందరికి కూలి, ఆ కట్ట నిలిచినంతకాలం ఒక సీమకంతటికీ బతుకుదెరువు దొరికినప్పుడు, ఆ వెచ్చింపును దానమనాలా, పెట్టుబడి అనాలా, తీర్చిన బాకీ అనాలా అన్నది లెక్కల పుస్తకం ఒక్కటే తేల్చగల విషయం కాదు. ఫలం ఎవరికి చెందుతుందన్న ఈ ప్రశ్నను మన శాస్త్రకారులు యజ్ఞం విషయంలో ఎంతో నిశితంగా చర్చించారు. చెరువు విషయంలో దాన్ని మళ్లీ అడగడానికి బుక్కరాయసముద్రం కట్టకన్నా తగిన చోటు తెలుగునాట అరుదు.

అనంతపురం పీఠభూమికి నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య మేఘాలు కోస్తా దాటి వచ్చేసరికి అలిసిపోతాయి. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వాన కూడా ఒక పదునుకూ మరో పదునుకూ మధ్య వారాల తరబడి ఎడమిచ్చి, ఊడలు దిగే వేళ వేరుశనగను ఎండబెడుతుంది. ఇలాంటి నేల మీద ఒక రైతు బావి తవ్వుకోగలడేమో గాని వంకకు అడ్డంగా కట్ట వేయలేడు. 14వ శతాబ్దంలో, విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు నీటికి కట్ట వేయించి, ఆ కట్ట ఒక కొనన బుక్కరాయసముద్రాన్ని, మరో కొనన అనంతసాగరాన్ని వెలయించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. ఆ రెండో ఊరే నేటి అనంతపురం. ఆ కథనం ప్రకారం జిల్లా కేంద్రమే ఒక చెరువు కన్న బిడ్డ.

ఆనాటి రాజు ఈ ఖర్చును పూర్తమని పిలిచి ఉండేవాడు. వైదిక కర్మలతో వచ్చే పుణ్యం ఇష్టం, చెరువులు, బావులు, తోటలు, గుళ్లు, అన్నసత్రాలతో వచ్చే పుణ్యం పూర్తం. కొడుకుతో పాటు చెరువు, కావ్యం, నిధి, గుడి, వనం, అగ్రహారం కూడా మనిషి పేరు నిలిపే సంతానమేనని చెప్పే సప్తసంతానాల భావన దీనికి తోడు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) ఈ ఆలోచనకు నిండైన నిదర్శనం. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, తప్పించుకోవలసిన ఆరు దోషాలనూ చెప్పిన ఆ శాసనం, రోజుకు వేయి మంది కూలీలు, రాతికోసం నూరు బండ్లు రెండేళ్లపాటు పనిచేసిన సంగతిని కూడా దాచకుండా చెక్కింది. పుణ్యం మాత్రం రాకుమారుడి ఖాతాలో చేరింది. వేయి మందిలో ఒక్కరి పేరూ లేదు.

ఇది అన్యాయమని కొట్టిపారేయకముందు పూర్వమీమాంసకులు చెప్పే సమర్థనను వినాలి. యజ్ఞం చేయించే గృహస్థు యజమాని, మంత్రం చదివి ఆహుతి వేసేవారు ఋత్విక్కులు. చేసేది ఋత్విక్కులే అయినా దక్షిణతో వారి శ్రమను యజమాని కొనుక్కున్నాడు గనుక ఫలం యజమానికే చెందుతుందని వారి సిద్ధాంతం; ఈ కొనుగోలుకు పరిక్రయమని పేరు. చెరువుకు అన్వయిస్తే, కూలి అందుకున్న చెయ్యి తన ఫలాన్ని అందుకున్నట్టే, మిగిలినదంతా కూలి ఇచ్చినవాడిదే. నేటి ప్రభుత్వాలు శిలాఫలకాలపై వేయించుకునే పేర్ల వెనక కూడా ఈ తర్కమే, ఎవరూ పైకి చెప్పకుండా, పనిచేస్తోంది.

అయితే ఈ తర్కాన్ని చివరిదాకా నడిపితే అది రాజుకే ఎదురు తిరుగుతుంది. బౌధాయన ధర్మసూత్రం రాజు పుచ్చుకునే ఆరో భాగాన్ని భృతి అంటుంది. భృతి అంటే జీతం, ప్రజలను కాపాడే పనికి ముట్టే కూలి. దక్షిణ పుచ్చుకున్నవాడికి ఫలం లేదన్న నియమం ఋత్విక్కుకు ఎంత వర్తిస్తుందో, ఆరో పాలు పుచ్చుకున్న రాజుకూ అంతే వర్తించాలి. అప్పుడు చెరువనే యజ్ఞానికి యజమాని పన్ను కట్టిన రైతు, నేతగాడు, ఉప్పు కొన్న కూలి. రాజు వారు పెట్టుకున్న ఋత్విక్కు. ప్రాచీనులు ఈ రెండు సూత్రాలనూ పక్కపక్కన పెట్టి ఈ ముగింపుకు రాకపోయినా, వారి మాటల్లోనే ఇది ఉంది.

బుక్కరాయసముద్రం ప్రజలు శాస్త్రం చదవకుండానే దీన్ని తమ రీతిలో తేల్చుకున్నారు. చెరువు తెగబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితేనే కట్ట నిలుస్తుందన్న మాట వినిపించిందనీ, ఆమె ఊరి కోసం గండిలో నిలిచి ప్రాణమిచ్చిందనీ ఇక్కడి కథ. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’కు ఇదే ఆధారం. ఊరికి రాజు పేరు ఉంది, కట్టకు మాత్రం ముసలమ్మ పేరు ఉంది. చేతులు మోడ్చేది ఆమెకే. దక్షిణ పుచ్చుకోని కర్తకే ఫలమంతా చెందుతుందని జనం తీర్పు చెప్పినట్టుంది. అయినా ఈ తీర్పును ఊరటగా తీసుకోకూడదు. కట్ట తెగడానికి ముందు ఎన్నో ఏళ్లు దానికి మట్టి పడకపోయి ఉంటుంది, తూము చూసేవాడు లేకపోయి ఉంటుంది. మరమ్మతు చేసేవారికి ఆదాయంలో పదో వంతు చొప్పున ఇచ్చిన దశబంధం ఇనాములు ఈ మరుపుకు మందుగా పుట్టినవే. కట్టించినవాడికి కీర్తి ఉంది, కాపాడినవాడికి లేదు. ఆ తేడాకు మూల్యం చివరికి ఏదో ఒక ఇంటి కోడలు చెల్లిస్తుంది.

ధాత కరువులో, 1877లో, ప్రభుత్వపు పని మరో ముఖం చూపింది. బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను గింజలకు, అంటే సుమారు 450 గ్రాములకు, పైన కొద్దిపాటి డబ్బుకు కుదించాడు. ఆ తిండితో రోజంతా మట్టి మోసే మనిషి బతకడని ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. అక్కడ కూలి పరిక్రయం కూడా కాలేదు, ఎందుకంటే కొనుగోలుకు ఇద్దరు కావాలి, ఆకలితో వచ్చినవాడికి కాదనే స్వేచ్ఛ లేదు.

ఆ స్వేచ్ఛను చట్టంగా రాయడానికి మరో నూట ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ కుటుంబానికి ఏడాదికి నూరు రోజుల పనిని హక్కుగా ప్రకటించి, అడిగిన పదిహేను రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలన్నది. బౌధాయనుడి మాట ఇన్ని శతాబ్దాల తర్వాత రాజు చేతి నుంచి కూలి చేతికి మారింది. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ పథకాన్ని ప్రారంభించింది బుక్కరాయసముద్రం మండలానికి పొరుగునే ఉన్న నార్పల మండలం బండ్లపల్లిలో. ఒకరి కూలి అంగట్లో ఖర్చయి మరొకరి ఆదాయమై, అది మళ్లీ ఖర్చయి పెరుగుతూ పోవడాన్ని ఆర్థికవేత్తలు గుణక ప్రభావమంటారు. పొరుగు పట్నానికి వలస పోయే బస్సెక్కకుండా సంతలో రాగులు కొన్న ఇల్లాలికి ఆ పేరు తెలియనక్కరలేదు. సీమ జనం మాత్రం ఈ పథకాన్ని కరువు పని అనే పిలుస్తూ వచ్చారు. హక్కు వచ్చినా పాత గుర్తు పోలేదు.

ఇక్కడొక గట్టి అభ్యంతరం మిగులుతుంది. పన్ను కట్టిన ప్రజలే యజమానులన్నా, చెరువు నీరు పారేది ఆయకట్టులో భూమి ఉన్నవారికే. కట్టకు మన్ను మోసినవారిలో గజం నేల లేనివారు ఎందరో. వారికి కూలి తప్ప ఫలం లేదు, కట్ట ఎంత బలిస్తే భూమి ఉన్నవాడి పొలం అంత బలుస్తుంది. ఈ అభ్యంతరాన్ని తత్త్వంతో దాటవేయడం కుదరదు. ఆ చట్టం దళిత, గిరిజన కుటుంబాల సొంత భూముల్లోనూ, తర్వాత సన్న, చిన్నకారు రైతుల భూముల్లోనూ పనిని అనుమతించడం దీనికి దొరికిన కొద్దిపాటి సమాధానం. అక్కడ మామిడి గుంత, చీనీ గుంత, పంట కుంట తవ్వే మనిషి తన చేనులో తానే ఋత్విక్కు, తానే యజమాని, రేపు నీడలో కూర్చునేదీ తానే.

అలాంటి కుంట తవ్వేటప్పుడు, లోతు కొలవడానికి వీలుగా నడుమ ఒక మట్టి దిమ్మెను పైన గడ్డితో సహా తవ్వకుండా వదిలేస్తారు. చుట్టూ ఎంత మన్ను పోయిందో దాని ఎత్తే చెబుతుంది. కొలత పూర్తయ్యాక దాన్నీ పారతో కొట్టి, తట్టకెత్తి, గట్టు మీద పోస్తారు.