నిలువెత్తు బంగారం

దేవుడు మనల్ని ప్రేమిస్తాడని చెప్పడం తేలిక. తప్పు చేసి తలదించుకున్న రోజున ఆ ప్రేమను తీసుకోవడమే కష్టం. ఇది నాకు చదివితే తెలిసింది కాదు.

2014 మొదట్లో నేను ఉస్మానియా క్యాంపస్‌లో ఎం.ఏ. చదువుతున్నాను. మొదటి సెమిస్టర్‌లో రెండు పేపర్లు పోయాయి. ఇంటికి ఫోన్ చేసి అన్నీ పాసయ్యానని చెప్పాను. ఆ తర్వాత గూడెం నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి చెయ్యి రాలేదు. సాయంత్రం హాస్టల్‌లో ఉండలేక తార్నాక చౌరస్తా దాకా నడిచేవాణ్ని. అప్పుడు అక్కడ మెట్రో పనులు జరుగుతున్నాయి. ఆ దుమ్ములో బస్టాపులో కూర్చుని, ఎక్కని బస్సుల నంబర్లు చదువుకునేవాణ్ని.

నిజానికి నా అబద్ధాలు అంతకుముందే మొదలయ్యాయి. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే "వరంగల్" అనేవాణ్ని. కోయవాణ్నని చెప్పేవాణ్ని కాదు. అందుకే పేపర్లు పోయినప్పుడు సరిగ్గా చదవలేదని అనుకోలేదు, నాలాంటివాడు ఇక్కడికి రావడమే తప్పనుకున్నాను. తప్పు ఒక పనికి సంబంధించినది. సిగ్గు మొత్తం మనిషిని పట్టుకుంటుంది. మన పిల్లల్లో చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. సార్లు, మేడమ్‌లు గమనించాల్సింది ఇదేనని నేననుకుంటాను.

ఫిబ్రవరిలో మేడారం జాతర వచ్చింది. ఓసారి చెల్లె ఫోన్ ఎత్తితే, నేను పాసైతే సమ్మక్కకు నా ఎత్తు బంగారం ఇస్తానని నాయిన మొక్కుకున్నాడని చెప్పింది. బంగారమంటే మనకు తెలిసిందే, బెల్లం. దానికి అప్పు కూడా తెచ్చాడట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి ఉప్పల్‌కు పోయి జాతర బస్సెక్కాను.

మేడారంలో ముందు జంపన్న వాగులో స్నానం చేయాలి. మన పెద్దలు చెప్పే కథ మీకూ తెలుసు. కప్పం కట్టలేదని కాకతీయుల సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ పోరులో పోయారు. ఓటమి భరించలేక జంపన్న సంపెంగ వాగులో దూకాడు. గాయాలతో సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనబడకుండా పోయింది. వెతికినవాళ్లకు దొరికింది కుంకుమ భరిణె ఒక్కటే. అంటే మనం మొక్కేది ఓడినవాళ్లకు. రెండేళ్లకోసారి లక్షల మంది ఆ ఓడిన తల్లి గద్దె దగ్గరికే వస్తారు. ఆ నీళ్లలో నిలబడి జంపన్న గురించి ఆలోచించాను. ఆ పిల్లవాడు దూకకుండా తల్లి దగ్గరికి వచ్చి ఉంటే, ఓడి వచ్చావని ఆమె అనేదా? ఆమె కూడా ఓడిన మనిషే కదా.

బెల్లం కొట్టు దగ్గర తక్కెడ వేలాడుతోంది. నాయిన నన్ను కూర్చోమన్నాడు. అప్పుడు చెప్పాను. "నాయినా, నేను పాస్ కాలేదు. రెండు పోయినయ్. నీతో అబద్ధం చెప్పిన."

నాయిన కాసేపు వాగు దిక్కు చూశాడు. తర్వాత అన్నాడు, "మొక్కింది నేను గదా. నువ్వు కూసో."

కూర్చున్నాను. 54 కిలోలు తూగాను. బెల్లం ముద్దలు ఒక్కొక్కటే అవతలి వైపు పెడుతుంటే లేచి పారిపోవాలనిపించింది. నాకు అర్హత లేనిది నా పేరు మీద తూస్తున్నారు. నా వంతు పని కదలకుండా కూర్చోవడమే. అంత కష్టమైన పని నేను క్యాంపస్‌లో కూడా చేయలేదు.

లూకా సువార్తలో ఇల్లు విడిచిపోయిన కొడుకు కూడా ఇలాంటివాడే. నన్ను కూలివాడిగా పెట్టుకో అని అడగాలనుకుని వస్తాడు. తండ్రి ఆ మాట దాకా రానివ్వడు. సిగ్గుపడ్డవాడికి కూలీ అయితే నయమనిపిస్తుంది, చెమటోడ్చి సంపాదించుకోవచ్చు. ఊరికే వచ్చే ప్రేమ ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మరి దేవుడు ఎలాగూ ప్రేమిస్తే ఇక చదవడమెందుకని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. మంచి ప్రశ్నే. నా అనుభవం చెప్పాను. సిగ్గుతో ఉన్న ఆ రోజుల్లో నేను పుస్తకం ముట్టలేదు. నిజం చెప్పిన తర్వాతే ముట్టగలిగాను. నాయిన కూడా నా తప్పును మరిచిపోలేదు. తిరిగి వస్తుంటే బస్సు దగ్గర అడిగాడు, "మళ్ల పరీక్షకు ఎంత కట్టాలె?"

ఒక పేపరు ఆ ఏడే పోయింది. రెండోదానికి ఇంకో ఏడాది పట్టింది. ఈలోగా హాస్టల్‌లో ఎవరో కొత్తవాడు ఊరడిగితే గూడెం పేరే చెప్పాను. అదెక్కడ అన్నాడు. మేడారం దారి అన్నాను.