ప్రేరణ అనే తేలిక మాట

పాపువా న్యూగినీలో నారతో వలలాగా అల్లిన సంచిని బిలుమ్ అంటారు. అక్కడి టోక్ పిసిన్ భాషలో గర్భసంచికి కూడా అదే మాట. మనమూ గర్భసంచి అనే అంటాం, కానీ ఆ మాటలో ఒక సంచి ఉందని ఎప్పుడూ ఆగి వినం. ఆ దేశపు కొండప్రాంతాల్లో ఆడవాళ్ళు బిలుమ్ పట్టీని నుదుటికి తగిలించుకుని బరువంతా వీపు మీదకి వేలాడేసుకుంటారు. చిలగడదుంపలూ అందులోనే, కట్టెలూ అందులోనే, నిద్రపోతున్న పసిబిడ్డా అందులోనే.

ఈ బిలుమ్‌ని రెండు సూదులూ ఊలుతో ఇంట్లో కూచుని అల్లుకోవచ్చు. అంటే, దానిలా కనిపించేదాన్ని అల్లుకోవచ్చు. ప్రపంచంలోని జానపద సంచులన్నిటినీ ఇలా నిట్టింగ్ ప్యాటర్న్‌లుగా రాసుకున్న పుస్తకాలున్నాయి, డబ్బు కట్టి దింపుకునే పీడీఎఫ్‌లున్నాయి. ఆండీస్ కొండల కోకా ఆకుల తిత్తి, కొలంబియా వయూ వాళ్ళ రంగురంగుల భుజం సంచి, బిలుమ్, అన్నీ ఒకే భాషలోకి దిగుతాయి: ఇన్ని కుట్లు వెయ్యి, ఇన్ని వరసలు అల్లు, ఇక్కడ రెండు కలిపెయ్యి. పైన ఎక్కడో ఒక మూల 'ఫలానా సంప్రదాయపు ప్రేరణతో' అని ఉంటుంది. మూడేళ్ళుగా ఊలు అల్లుతున్నాను, ఆ వాక్యాన్ని చాలాసార్లు దాటుకుంటూ వెళ్ళాను. ఇప్పుడు అక్కడే ఆగిపోతున్నాను. ప్రేరణ అంటే ఇక్కడ సరిగ్గా ఏమిటి? తీసుకున్నామని చెప్పడమా, తీసుకోలేదని చెప్పడమా?

ముందు చేతిపని సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. నిట్టింగ్‌లో దారం ఉండలోంచి వస్తూనే ఉంటుంది. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చుని లాగుతాం, దారం రెండో కొస ఎక్కడో ఉండ లోపలే ఉండిపోతుంది. అందుకే తప్పు పడితే సూది తీసేసి లాగితే చాలు, పది వరసలు జరజరా ఊడి వచ్చేస్తాయి. మా వృత్తిలో వాళ్ళకి ఇది ప్రాణానికి హాయిగా ఉంటుంది, అన్‌డూ ఉన్న పని. బిలుమ్‌లో అలా కుదరదు. దారం కొస ప్రతి ఉచ్చులోంచీ దూరి అవతలికి రావాలి, వెనకే దారమంతా రావాలి. పది గజాల దారంతో ఆ పని ఎవరూ చెయ్యలేరు. కాబట్టి చెట్టు నారని తొడమీద పేని, కొంచెం అల్లి, అయిపోగానే దాని కొసకి ఇంకొంచెం నార కలిపి పేని, మళ్ళీ అల్లుతారు. దారం తయారవడమూ సంచి తయారవడమూ ఒకేసారి జరుగుతాయి. ఎక్కడ కోసినా మొత్తం ఊడిపోదు. ఇప్పుడు చాలామంది కొట్లో కొన్న రంగు ఊలుతోనూ అల్లుతున్నారు, అయినా ఉచ్చు వేసే పద్ధతి అదే. మన ప్యాటర్న్ దీని ఆకారాన్ని తీసుకుని ఈ పద్ధతిని వదిలేసింది. తెలుగులో చెప్పాలంటే, వంట పేరు తీసుకుని పొయ్యిని వదిలేసింది.

వదిలేసింది ఇంకోటి కూడా ఉంది: ఎవరికోసం అన్నది. మోరీన్ మెకెంజీ అనే మానవశాస్త్రవేత్త అక్కడి టెలెఫోల్ జాతి సంచుల గురించి 1991లో ఒక పుస్తకమే రాసింది. అక్కడ మగవాళ్ళ ఈకల సంచులు ఒకరి చేతిపని కాదు. ఆడవాళ్ళు అల్లుతారు, దానిమీద మగవాళ్ళు పక్షి ఈకలు కుడతారు. ఒక మగవాడి భుజం చూస్తే వాడి వయసేమిటో, వాడు ఏయే తంతులు దాటి వచ్చాడో తెలుస్తుంది. కొలంబియాలో సియెర్రా నెవాడా కొండల్లోని అర్వాకో వాళ్ళలో సంచి అల్లేది ఆడవాళ్ళే. దారిలో నడుస్తూ కూడా అల్లుతుంటారు. మగవాళ్ళు అందులో కోకా ఆకులు పెట్టుకుంటారు, ఇద్దరు ఎదురుపడితే ఒకరి సంచిలోంచి ఒకరికి గుప్పెడు ఆకులు మారతాయి. అది వాళ్ళ నమస్కారం. ప్యాటర్న్‌లో 12వ వరస దగ్గర ఇదేమీ ఉండదు, ఉండే వీలూ లేదు.

చట్టం ఏమంటుందో కూడా చూశాను, వృత్తిరీత్యా లైసెన్స్ ఫైల్ చదవకుండా ఉండలేను. అమెరికాలాంటి చోట్ల కాపీరైట్ ఉండేది ప్యాటర్న్‌గా రాసిన మాటలకీ, గళ్ళ పటానికీ. అల్లే పద్ధతికి ఉండదు. అంటే, సంచిని తరతరాలుగా మోసుకొచ్చిన ఆవిడకి ఏ హక్కూ లేదు, దాన్ని చూసి కాగితం మీద పెట్టినాయనకి ఉంది. మా భాషలో చెప్తే కోడ్ అనాథ, డాక్యుమెంటేషన్‌కి మాత్రం యజమాని ఉన్నాడు.

ఇక్కడిదాకా చదివి 'దొంగతనం' అనేద్దామనిపిస్తుంది. నాకు ఆ మాట సరిపోదు. అర్వాకో సంచికి వాడే ఉన్ని గొర్రెది, అమెరికా ఖండాలకి గొర్రెల్ని తెచ్చింది స్పెయిన్ వాళ్ళు. వయూ వాళ్ళు సంచి అల్లేది క్రోషెతో, అది 19వ శతాబ్దపు యూరప్‌లో ఊపందుకున్న విద్య. దారం ఫ్యాక్టరీది. పుట్టుమచ్చలాంటి స్వచ్ఛమైన సంప్రదాయం ఎక్కడా దొరకదు. నిట్టింగ్ లోకంలో అందరూ గురువుగా చూసే ఎలిజబెత్ జిమ్మర్‌మన్ కూడా తను కనిపెట్టినవాటిని కనిపెట్టడం అనడానికి ఒప్పుకోక, వేరే ఒక మాటే పుట్టించుకుంది. రెండు సూదులూ కాస్త దారంతో ఎవరో ఎప్పుడో ఇది చేసే ఉంటారని ఆవిడ నమ్మకం.

తొంభైల్లో మా కాలనీలో ప్లాస్టిక్ వైరు బుట్టల పిచ్చి పట్టింది. పక్కింటావిడ అల్లిన బుట్టని అమ్మ ఒక మధ్యాహ్నం అరువు తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి, సాయంత్రానికల్లా అడుగు మొదలుపెట్టేసింది. పర్మిషన్ ఎవరడిగారు? కానీ రెండో రోజే పక్కింటావిడ వచ్చి, "మూల దగ్గర అట్లా కాదొదినా, ఇటు ఇవ్వు" అని లాక్కుని సరిచేసింది. ఆవిడకి అమ్మ నేర్పిన జడ కుచ్చులు వేరే. మనకి దీనికి చక్కటి మాట ఉంది, ఇచ్చిపుచ్చుకోవడం. కాపీ కొట్టడంలో తప్పు లేకుండా చేసింది ఆ రెండో రోజు రాక. అడిగే దారి, దెబ్బలాడే దారి, తిరిగి ఇచ్చే దారి తెరిచి ఉన్నాయి. పీడీఎఫ్ దింపుకున్నప్పుడు మిగిలేది పుచ్చుకోవడం ఒక్కటే. అందుకే నేను దీన్ని అప్పు అంటాను. అప్పు అంటే అవమానం లేదు, మాఫీ కూడా లేదు. ప్రేరణ అన్న మాట ఆ మాఫీని మనకి మనమే రాసిచ్చుకోవడం.

తీర్చే దారులు లేవని కాదు, ఉన్నవి ఇరుకు. వయూ అల్లికకి 2011లో కొలంబియా ప్రభుత్వం మూలస్థాన గుర్తింపు ఇచ్చింది. మన పోచంపల్లి ఇక్కత్‌కి ఉన్న భౌగోళిక గుర్తింపులాంటిదే. అది పేరుని కాపాడుతుంది. ఆ గళ్ళనీ కోణాల్నీ మిల్లుగుడ్డ మీద అచ్చేసి నాలుగో వంతు ధరకి అమ్మేవాణ్ణి ఏమీ అనదు, వాడు పోచంపల్లి అనే పేరు వాడకపోతే చాలు. హైదరాబాద్‌లో ఏ బట్టల వీధిలో నడిచినా కనిపించేదే.

ఈమధ్య క్రోషె సంచులు ఆన్‌లైన్‌లో అమ్ముకునే ఒక స్నేహితురాలు నన్ను బిలుమ్ ప్యాటర్న్ రాసివ్వమంది. "ఓపెన్ సోర్స్ కదరా, వాళ్ళేమన్నా వద్దన్నారా?" అంది. ఓపెన్ సోర్స్‌లో కూడా, వాడుకోమని ముందు ఎవరో ఒకరు రాసి పెట్టి ఉంటారు. ఎవరూ ఏమీ రాయకపోతే దానర్థం వాడుకోమని కాదు. ఆ మాట చెప్పి, రాసిస్తానన్నాను, మూడు షరతులతో. పేరులో బిలుమ్ ఉండకూడదు. ఇది ఏ పద్ధతిని వదిలేసి చేసిందో మొదటి పేజీలోనే ఉండాలి. అమ్మితే వచ్చినదాంట్లో కొంత అల్లేవాళ్ళకి చేరాలి. మొదటి రెండిటికీ వెంటనే ఒప్పుకుంది. మూడోదానికి కాసేపు ఆలోచించి, "సరే, ఎవరి అకౌంట్‌కి పంపాలో నువ్వే చెప్పు" అంది. పాపువా న్యూగినీలో ఎనిమిది వందలకి పైగా భాషలున్నాయి. నేను చూసి రాయబోయే అల్లిక వాటిలో ఏ భాష మాట్లాడే ఆవిడదో ఫోటో కింద రాసి లేదు. ప్యాటర్న్ ఇంకా మొదలుపెట్టలేదు. ముందు ఆ ఫోటో ఎక్కణ్ణించి వచ్చిందో వెతుకుతున్నాను.