బడివేళా, బిడ్డవేళా

విద్యాహక్కు చట్టం 2009 ఉపాధ్యాయులకు వారానికి కనీసం 45 గంటల పని నిర్దేశించింది. పాఠాల తయారీ కూడా అందులోనే. మరి సాయంత్రం సొంత బిడ్డను సంగీతానికో ఆటలకో తీసుకెళ్లాల్సిన టీచరమ్మ ఏ ధర్మాన్ని వదులుకోవాలి? దేన్నీ వదలనక్కర్లేదనే దారి తైత్తిరీయోపనిషత్తులో ఉంది. అందులోని శీక్షావల్లి అనే భాగం సత్యం, తపస్సు, అతిథిసేవ, సంతానం అంటూ కర్తవ్యాలను వరసగా చెబుతూ, ప్రతిదానితోనూ అధ్యయన, బోధనలను జతచేస్తుంది. అంటే సంతానం బోధనకు అడ్డంకి కాదు, తోడు.

బడివేళ పిల్లలందరి సొత్తు, ఒక్క బిడ్డ కోసం అందులో కోత పెట్టవచ్చా అని అడగవచ్చు. పెట్టకూడదు, నిజమే. కానీ గంట మోగాక మిగిలే సాయంత్రం కూడా బడిదే అనడం న్యాయం కాదు. ఆ సాయంత్రానికి బిడ్డకు ఇష్టమైన విద్య ఒక్కటి చాలు. తీసుకెళ్లే బాధ్యత తండ్రిది కూడా. బడివేళను బడికీ, సాయంత్రాన్ని బిడ్డకూ నిండుమనసుతో ఇవ్వడమే ధర్మం.